మా అటక మీది ‘సారమ్మ గారి పెట్టె’ ఎవరికి చేర్చాలి?

పాత పోస్టుమాస్టరు:

అందరికీ నమస్కారం. నాకు అరవై ఆరేళ్ళు. తపాలా శాఖలో ముప్పై ఏడేళ్ళు పనిచేసి సబ్ పోస్టుమాస్టరుగా రిటైరయ్యాను. మా ఊరు కోటిపల్లి రేవుకు దగ్గర. నా ప్రశ్న ఒక్క ముక్కలో అడిగేయవచ్చు గానీ, వెనక ఉన్న కథ తెలియకపోతే మీరు చెప్పగలిగేది ఏమీ ఉండదు. కాస్త ఓపిక పట్టండి.

సంక్రాంతి వెళ్ళాక మా పెంకుటిల్లు విప్పించాం. అటక మీద నుంచి దించిన సామానులో ఇనుప మూలలున్న చెక్క పెట్టె ఒకటి ఉంది. మా ఇంట్లో దాని పేరు ‘సారమ్మ గారి పెట్టె’. పిల్లలెవరూ ముట్టుకోకూడదని నానమ్మ ఆంక్ష. నేను ముట్టుకున్నాను. ఆ సంగతి తరువాత చెబుతాను.

మా తాతయ్య 1936 నుంచి 1940 వరకు ఒక విదేశీ డాక్టరు దగ్గర కాంపౌండరు. మందుల చీటీల మీద ఆయన పేరు కింద ‘ఎం.డి. బెర్లిన్’ అని అచ్చు వేసి ఉండేది కాబట్టి ఊరంతా జర్మనీ డాక్టరు అనేవారు. ఒక రైసు మిల్లు యజమాని తన మేడలో కింది గదులు ఆసుపత్రికి ఇచ్చాడు. పై గదుల్లో డాక్టరు కాపురం. పెళ్ళి లేదు. 1939 వేసవిలో ఆయన తల్లి ఓడలో బొంబాయి చేరి, అక్కడి నుంచి రైల్లో ఇక్కడికి వచ్చింది. ఆవిడే సారమ్మ గారు.

యుద్ధం మొదలవగానే పోలీసులు వచ్చి డాక్టరును తీసుకుపోయారట. కొన్ని నెలలకు వదిలేశారు. మరుసటి ఏడు మళ్ళీ వచ్చి తల్లినీ కొడుకునూ ఇద్దరినీ జట్కా ఎక్కించారు. నానమ్మకు ఇంగ్లీషు సంవత్సరాలు తెలియవు. ‘కోటిపల్లి రైలు పట్టాలు పీకేసిన ఏడు’ అనేది. కాకినాడ–కోటిపల్లి లైను పట్టాలను యుద్ధ అవసరాల కోసం తీసేసింది 1940లో. మళ్ళీ రైలు వచ్చింది 2004లో. ఆ లెక్కన వాళ్ళు వెళ్ళింది 1940. జట్కా ఎక్కుతూ సారమ్మ గారు ఈ పెట్టెను నానమ్మకు అప్పగించి, యుద్ధం అయిపోయాక వస్తానని సైగలతో చెప్పిందట. రాలేదు.

ఊరు మాత్రం ఆయన గూఢచారి అని తేల్చేసింది. మేడ మీద దీపాలు పెట్టి సముద్రంలోని జర్మనీ ఓడలకు సైగలు చేసేవాడని చెప్పుకున్నారు. మా ఊరికి సముద్రం ఎంత దూరమో బాగా తెలిసినవాళ్ళు కూడా చెప్పుకున్నారు. నానమ్మ ఒక్కతే ఒప్పుకునేది కాదు. ‘శుక్రవారం పొద్దు గుంకకుండా దీపం పెట్టే ఇల్లు అది. వాళ్ళు చెడ్డవాళ్ళు ఎలా అవుతారు?’ అనేది. సారమ్మ గారు రెండు ఇత్తడి సెమ్మెలలో రెండు కొవ్వొత్తులు వెలిగించి, ఆ వెలుగును చేతులతో తన వైపు లాక్కుంటున్నట్టు మూడుసార్లు తిప్పి, రెండు అరచేతులతో కళ్ళు మూసుకుని ఏదో గొణుక్కునేదట. నానమ్మ అది లక్ష్మీపూజ అనుకుంది. ప్రతి శుక్రవారం తాంబూలం పంపేదట. ఆవిడ అరటిపండ్లు ఉంచుకుని తమలపాకులు తిప్పి పంపేదట.

ఇక పెట్టెలో ఉన్నవి. ఆ సెమ్మెలు రెండూ ఉన్నాయి. తెల్లటి పెద్ద బల్లగుడ్డ, మూలన తెల్ల దారంతోనే కుట్టిన రెండు అక్షరాలు. దీన్ని నానమ్మ మడతలు పెట్టి ఆవకాయ జాడీకి వాసెన కట్టేది. ‘ఊరికే ఉంచితే పురుగు పడుతుంది’ అనేది. సారమ్మ గారి పాసుపోర్టు ఉంది. గోధుమ రంగు అట్ట, మీద డేగ, డేగ కాళ్ళ కింద స్వస్తికం. స్వస్తికం కదా అని నానమ్మ దాన్ని కొన్నేళ్ళు దేవుడి గూట్లో పెట్టింది. అట్ట మీద కుంకుమ బొట్టు ఇప్పటికీ ఉంది. లోపల మొదటి పేజీలో ఎర్ర సిరాతో పెద్ద ‘జె’ ముద్ర. అది ఏమిటో నాకు అర్థం కాలేదు.

పంతొమ్మిది కవర్లు ఉన్నాయి. వాటికి కుడివైపు పై మూలలు లేవు. కత్తిరించింది నేనే. పదకొండేళ్ళ వయసులో తపాలా బిళ్ళల పిచ్చి. నానమ్మ కోటిపల్లి తీర్థానికి వెళ్ళిన రోజు పెట్టె తెరిచి, మూలలు కత్తిరించి, పళ్ళెంలో నానబెట్టి, బిళ్ళలు ఊడదీసి ఆల్బంలో అంటించుకున్నాను. తపాలా ముద్ర సగం బిళ్ళ మీద, సగం కవరు మీద పడుతుందని, తేదీ అందులోనే ఉంటుందని అప్పటికి తెలియదు. తరువాత ముప్పై ఏడేళ్ళు అదే ముద్ర కొట్టి జీతం తీసుకున్నాను. ఆల్బం ఇంకా ఉంది. ఉత్తరాలు నాలుగే మిగిలాయి, మిగతావి చెదలపాలు.

నన్ను నిద్రపోనివ్వనిది చివరిది. రెడ్ క్రాస్ ఫారం ఒకటి. ఒక వైపు జర్మన్‌లో టైపు చేసిన నాలుగు వరుసలు, జెనీవా గుండ్రటి ముద్ర. తేదీ 1942 జనవరి. అంటే వాళ్ళు ఊరు వదిలి ఏడాదిన్నర అయ్యాక పాత చిరునామాకు వచ్చింది. తాతయ్య తీసుకున్నాడు. ఎక్కడికీ తిప్పి పంపలేదు, పెట్టెలో పెట్టి మూత వేశాడు. ఫారం వెనక జవాబు రాయవలసిన చోటు ఖాళీగా ఉంది. బట్వాడా కాని ఉత్తరం ఒక్కటి రాత్రి నా ఆఫీసులో ఉండిపోతే నాకు అన్నం సహించేది కాదు. ఎనభై ఏళ్ళకు పైగా అలాంటిది మా అటక మీదే ఉంది.

వీళ్ళు ఎవరు? ఏ తప్పు చేశారని పట్టుకుపోయారు? ఈ ఫారం ఎవరికి అందించాలి? పేర్లు ఇక్కడ రాయడం లేదు. వాళ్ళ వాళ్ళు ఎక్కడైనా బతికి ఉంటే, మనం వీధిలో కూర్చుని మాట్లాడుకున్నట్టు ఉండకూడదు.

తాళపత్రం:

మాస్టారూ, ముందుగా ఒక మనవి. దయచేసి దేన్నీ లామినేషన్ చేయించకండి. మన వాళ్ళకు పాత కాగితం కనబడగానే పుట్టే మొదటి ఆలోచన అదే. జిగురు టేపు కూడా వద్దు. పెట్టెలో కలరా ఉండలు ఉంటే తీసేయండి. నీడపట్టున పగటి వెలుగులో ఫొటోలు తీసి, కాగితాలను మామూలు తెల్ల కాగితాల మధ్య ఉంచండి.

ఇక మీ ఎర్ర ‘జె’. అది ‘యూడె’ అనే జర్మన్ మాటకు మొదటి అక్షరం, అంటే యూదు. 1938 అక్టోబరు నుంచి హిట్లర్ ప్రభుత్వం యూదుల పాసుపోర్టులన్నిటి మీద ఈ ముద్ర కొట్టింది. సరిహద్దు దగ్గర చూసిన వెంటనే తెలియాలని. కాబట్టి మీ డాక్టరు గారు జర్మనీ తరఫున వచ్చిన మనిషి కాదు, జర్మనీ తరిమేసిన మనిషి. 1933 ఏప్రిల్‌లో చేసిన చట్టంతో ప్రభుత్వ ఆసుపత్రుల్లో, విశ్వవిద్యాలయాల్లో ఉన్న యూదు వైద్యుల ఉద్యోగాలు పోయాయి. మన దేశానికి వచ్చిన వాళ్ళలో డాక్టర్లు చాలామంది. శుక్రవారం దీపాలు కూడా అదే చెబుతున్నాయి. యూదులకు శనివారం విశ్రాంతి దినం. అది శుక్రవారం సూర్యాస్తమయంతో మొదలవుతుంది. అంతకు ముందే ఇంటి ఇల్లాలు దీపాలు వెలిగించి కళ్ళు మూసుకుని ప్రార్థిస్తుంది.

మరి బ్రిటిషు వాళ్ళు ఎందుకు పట్టుకున్నారంటే, వాళ్ళకు కావలసింది పాసుపోర్టు మీది దేశం. 1939 సెప్టెంబరులో భారతదేశంలో ఉన్న జర్మనీ, ఆస్ట్రియా మగవాళ్ళను శత్రుదేశస్థులని అహ్మద్‌నగర్ శిబిరానికి తరలించారు. నాజీ, నాజీ బాధితుడు ఒకే బారకులో. తరువాత సర్ మాల్కమ్ డార్లింగ్ అధ్యక్షతన ఒక సంఘం ఒక్కొక్కరినీ విచారించి చాలామంది యూదులను వదిలేసింది. మీ నానమ్మ చెప్పిన ‘కొన్ని నెలలు’ ఇదే. 1940 జూన్‌లో ఫ్రాన్సు పడిపోయాక మళ్ళీ భయం పట్టుకుంది. వదిలినవాళ్ళలో చాలామందిని తిరిగి నిర్బంధించారు. కుటుంబాలతో ఉన్నవాళ్ళను పుణె దగ్గర పురందర్, సతారా వంటి చోట్ల ఉంచారు. ఢిల్లీ జాతీయ ఆర్కైవ్స్ వారి ‘అభిలేఖ్ పటల్’ వెబ్‌సైటులో ఆ కాలపు హోం శాఖ ఫైళ్ళు చాలా ఉన్నాయి. పేరుతో వెతకండి. స్పెల్లింగు నాలుగు రకాలుగా మార్చి చూడండి. మన గుమాస్తాలు విన్నట్టు రాసుకున్నారు.

ఒక్క సందేహం. ఆవిడ పాసుపోర్టు వదిలేసి వెళ్ళడం వింతగా ఉంది. చెల్లుబాటు తేదీ ఎంతవరకు?

పాత పోస్టుమాస్టరు:

చూశాను. ఒక్క ఏడాదికే ఇచ్చారు. 1940 ఫిబ్రవరితో అయిపోయింది. అంటే ఆవిడ వెళ్ళేనాటికి అది చెల్లని కాగితం.

మీరు చెప్పింది చదివి చాలాసేపు అరుగు మీద కూర్చుండిపోయాను. ఊరు చూసిన గూఢచారి దీపాలు, నానమ్మ తాంబూలం పంపిన దీపాలు ఒకటే.

పాత సామాను రాజు:

పెద్దాయనా, ఆ ముద్ర ఉన్న పాసుపోర్టులకు విదేశాల్లో మంచి ధర పలుకుతుంది. హిట్లర్ కాలపు కవర్లకు కూడా. హైదరాబాదులో నాకు తెలిసినవాళ్ళు ఉన్నారు. మొత్తం పెట్టెకు కలిపి ఎంత అనుకుంటున్నారు?

పాత పోస్టుమాస్టరు:

నేను బేరానికి రాలేదు బాబూ. ఆ సెమ్మెలు కూడా అడగవద్దు.

రేపల్లె ప్యాసింజరు:

మన గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు యూదులు ఉన్నారు కదా. బెనె ఎఫ్రాయిమ్ అంటారు. అక్కడ ప్రార్థనా మందిరం కూడా ఉంది. పెట్టె వాళ్ళకు ఇస్తే సరిపోతుందేమో? అంత దూరం పంపే బాధ ఉండదు.

తాళపత్రం:

వాళ్ళు తెలుగువాళ్ళే. వాళ్ళ చరిత్ర వేరు. ఈ డాక్టరు కుటుంబంతో సంబంధం లేదు. ఒకే మతం కదా అని ఎవరి పెట్టెనో ఎవరికో ఇవ్వలేం. కొవ్వొత్తుల పద్ధతి అడగాలంటే మాత్రం వెళ్ళి రావచ్చు.

డాన్యూబు ఒడ్డున:

బాబాయి గారూ, నమస్తే. మాది భీమవరం. ఆరేళ్ళుగా వియన్నాలో ఉద్యోగం. మీరు విడిగా పంపిన ఫొటోలు రెండు రాత్రులు కూర్చుని చూశాను. నా జర్మన్ మంచిదే గానీ ఆ పాత చేతివ్రాత కొరుకుడు పడలేదు. మా ఆఫీసులో ఒక పెద్దావిడ సాయం చేసింది.

ముందు మీకు కష్టంగా ఉండే మాట. ఆవిడ పేరు సారా కాదు. 1939 జనవరి నుంచి ప్రతి యూదు స్త్రీ తన పేరుకు ‘సారా’ అని, ప్రతి యూదు మగవాడు ‘ఇజ్రాయెల్’ అని చేర్చుకోవాలని చట్టం చేశారు. వాళ్ళు ఒప్పుకున్న జాబితాలోని పేరు ముందే ఉన్నవాళ్ళకు మాత్రమే మినహాయింపు. పాసుపోర్టులో పేరు వరుస చూడండి. సారాకు ముందు ఇంకొక పేరు ఉంది. ఆవిడ కూతురు, అంటే డాక్టరు గారి చెల్లెలు, రాసిన ఉత్తరాల్లో ఎక్కడా సారా అనే మాట లేదు.

కవర్ల వెనక పంపినవారి చిరునామాలు రాసుకున్నాను. మొదటివి వియన్నా తొమ్మిదో వార్డులో ఒక వీధి. 1938 చివరి నుంచి రెండో వార్డు, లియోపోల్డ్‌స్టాట్. అక్కడా రెండుసార్లు ఇల్లు మారింది. యూదులను ఇళ్ళ నుంచి వెళ్ళగొట్టి, ఆ వార్డులో ఒక్కో వాటాలో నాలుగైదు కుటుంబాలను కుక్కారు. కుటుంబానికి ఒక గది దొరికితే ఎక్కువ.

రెడ్ క్రాస్ ఫారంలో ఇరవై అయిదు మాటలకు మించి రాయకూడదు, సొంత వాళ్ళ కబుర్లే రాయాలి. కూతురు రాసింది ఇది: ‘అమ్మా, అన్నయ్యా, క్షేమమేనా? మేం ముగ్గురం ఆరోగ్యంగా ఉన్నాం. మళ్ళీ ఇల్లు మారుతున్నాం. పాపకు ముందు పళ్ళు ఊడాయి. కొత్త చిరునామా త్వరలో. శుక్రవారాలు మిమ్మల్నే తలుచుకుంటాం. ముద్దులు.’

ఆస్ట్రియా ప్రతిఘటన చరిత్రను భద్రపరిచే సంస్థ ఒకటి ఇక్కడ ఉంది, పొట్టిగా డి.ఓ.డబ్ల్యు. అంటారు. నాజీల చేతిలో చనిపోయిన ఆస్ట్రియా వాళ్ళ పేర్లు దాని వెబ్‌సైటులో ఎవరైనా వెతకవచ్చు. నేను ఇంకా వెతకలేదు. ముందు మిమ్మల్ని అడుగుదామని. చూడమంటారా?

పాత పోస్టుమాస్టరు:

చూడమ్మా. అడిగినందుకు సంతోషం.

పేరు సంగతి చదివి మా ఆవిడకు చెప్పాను. ఆవిడ చేటలో బియ్యం పక్కన పెట్టేసింది. మా ఇంట్లో ఆ పేరు ఎలా నిలిచిందో నాకు తెలుసు. విదేశీయుల నమోదు కోసం వచ్చిన కానిస్టేబులు కాగితం చూసి గట్టిగా చదివాడట. సారా అంటే మనకు వేరే అర్థం కదా, వీధిలో పిల్లలు నవ్వారట. నానమ్మకు కోపం వచ్చి ఆ రోజు నుంచి ‘సారమ్మ గారు’ అనడం మొదలుపెట్టింది. గౌరవంగా అన్నాననే అనుకుని పోయింది 1987లో. హిట్లర్ పెట్టిన పేరుతో మా ఇంట్లో మూడు తరాలు ఆవిడను తలుచుకున్నాం.

తాళపత్రం గారు విడిగా అడిగారు, ఆల్బంలో ఏమైనా మిగిలిందా అని. భూతద్దం పెట్టుకుని కూర్చున్నాను. చిన్నప్పుడు నేను వాటిని రెండు పేజీల్లో అంటించాను. ఒకటి ‘ఆస్ట్రియా’ పేజీ, పల్లెటూరి వేషాల్లో ఉన్న ఆడవాళ్ళ, మగవాళ్ళ బొమ్మల బిళ్ళలు తొమ్మిది. రెండోది ‘జర్మనీ’ పేజీ, హిండెన్‌బర్గ్ తల ఉన్న బిళ్ళలు పది. రెండు దేశాల చుట్టాలు రాశారనుకున్నాను. ఇప్పుడు చూస్తే ముద్రల్లో మిగిలిన ముక్కలు రెండు పేజీల్లోనూ ‘వీన్’, అంటే వియన్నా. 1938 మార్చిలో హిట్లర్ ఆస్ట్రియాను కలిపేసుకున్నాక వాళ్ళ బిళ్ళలు పోయి జర్మనీ బిళ్ళలు వచ్చాయి. పిల్ల కదలలేదు, అదే ఊళ్ళో కూర్చుని అదే చేత్తో రాసింది. దేశం మారిపోయింది. నా ఆల్బంలో మధ్య ఉన్న ఆ ఖాళీ అంచు నేను అందంగా గీత గీసి రంగు వేసుకున్నది.

తాతయ్యను గురించి కూడా ఒక మాట. ఆయనను తప్పుపట్టి మొన్న రాశాను. తరువాత ఆలోచించాను. ఆ ఫారం జెనీవా దాటి ఇక్కడికి చేరేటప్పటికి 1942 ఏప్రిల్ అయినా దాటి ఉంటుంది. ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. కాకినాడ జనం మూటలు కట్టుకుని పల్లెలకు వచ్చేశారు. మా పెంకుటింట్లోనే రెండు కుటుంబాలు తలదాచుకున్నాయట. ఆగస్టులో క్విట్ ఇండియా, పోస్టాఫీసుల మీద దాడులు, వీధికో పోలీసు. అలాంటప్పుడు జర్మన్‌లో టైపు చేసిన కాగితం పట్టుకుని ‘మా డాక్టరు ఎక్కడ?’ అని ఠాణాకు వెళ్ళి అడిగే కాంపౌండరు ఎవరు? ఇంట్లో అయిదుగురు పిల్లలు. భయపడ్డాడు. చించి పారేయలేదు, అదే ఎక్కువ. పోస్టుమాస్టరుగా మాత్రం క్షమించలేను. మనవడిగా సరే.

డాన్యూబు ఒడ్డున:

బాబాయి గారూ, చూశాను.

కూతురు, అల్లుడు, మనవరాలు. ముగ్గురి పేర్లూ, పుట్టిన తేదీలూ, చివరి చిరునామా సరిపోయాయి. 1942 మే నెలలో వియన్నా నుంచి మిన్స్క్ నగరం దగ్గరి మాలి ట్రోస్టినెట్స్‌కు పంపారు. ఆ ఊరు ఇప్పుడు బెలారుస్‌లో ఉంది. అక్కడ శిబిరమంటూ పెద్దగా ఏమీ లేదు. రైలు దిగినవాళ్ళలో దాదాపు అందరినీ అడవిలో తవ్విన గోతుల దగ్గర కాల్చేశారు. ఆస్ట్రియా నుంచి అక్కడికి వెళ్ళింది పదివేల మంది వరకు. బతికినవాళ్ళు ఇరవై మంది కూడా లేరు. పాపకు ఏడేళ్ళు.

ఆ రైళ్ళు బయలుదేరింది ఆస్పాంగ్ స్టేషను నుంచి. స్టేషను ఇప్పుడు లేదు, ఆ చోట పార్కు ఉంది. అందులో రెండు కాంక్రీటు పట్టాలు ఒక చీకటి గూడులోకి వెళ్ళి ఆగిపోతాయి. మా ట్రాము అటువైపే పోతుంది. ఆరేళ్ళలో ఒక్కసారి దిగలేదు. నిన్న దిగాను.

ఇంకొకటి దొరికింది. జెరూసలేంలోని యాద్ వషేమ్ సంస్థ 1950ల నుంచి చనిపోయినవారి కోసం ‘సాక్ష్య పత్రాలు’ సేకరిస్తోంది. బంధువో స్నేహితుడో నింపి సంతకం చేయాలి. అవి ఆన్‌లైనులో ఉన్నాయి. ఈ ముగ్గురి పేర్ల మీద మూడు పత్రాలు ఉన్నాయి, 1957లో నింపినవి. నింపిన మనిషి: అన్నయ్య. వృత్తి: వైద్యుడు. ఊరు: హైఫా.

మీ డాక్టరు బతికాడు బాబాయి గారూ. పత్రంలో ఆయన రాసిన చివరి వాక్యం: ‘1941 వేసవి తరువాత కబురు లేదు.’

యాద్ వషేమ్‌కు, జర్మనీలోని ఆరోల్‌సెన్ ఆర్కైవ్స్‌కు మీ తరఫున అడుగుతూ రాయనా? నాజీ బాధితుల కాగితాలను భద్రపరిచేది ఆరోల్‌సెన్. కుటుంబాలను కలిపే పని కూడా చేస్తుంది, డబ్బు తీసుకోదు. హైఫా చిరునామా పాతది. అయినా దారి దొరకవచ్చు.

పాత పోస్టుమాస్టరు:

రాయమ్మా. ఆయనకు 1941 తరువాత కబురు లేదు. 1942 జనవరి కబురు మా దగ్గర ఉంది. ఇంతకంటే ఇప్పుడు నాకు రాయడానికి చేతకావడం లేదు.

తాళపత్రం:

మాస్టారూ, అభిలేఖ్ పటల్‌లో ఆ ఇంటి పేరుతో ఒక ఫైలు కనిపించింది. తల్లిని, కొడుకును పురందర్‌లో ఉంచినట్టు శీర్షికలో ఉంది. నకలు కోసం దరఖాస్తు పెట్టాను. వచ్చాక మీకు పంపుతాను. తొందర పడకండి, ప్రభుత్వం సంగతి మీకు నేను చెప్పాలా.

పాత పోస్టుమాస్టరు (నెలన్నర తరువాత):

ఇన్నాళ్ళూ అడుగుతున్నవారందరికీ జవాబు.

హైఫా నుంచి ఈమెయిలు వచ్చింది. డాక్టరు గారి మనవరాలు, వయసు నలభై పైన. యాద్ వషేమ్ వారు ఆమెకు కబురు అందించారట. డాక్టరు గారు యుద్ధం అయ్యాక పెళ్ళి చేసుకున్నారు, 1980ల్లో పోయారు. తల్లి పురందర్‌లోనే 1944లో పోయింది. ఇండియా గురించి ఇంట్లో ఏమీ మాట్లాడేవారు కాదట. అయితే పచ్చి మామిడికాయ దొరికితే చెక్కలు కోసుకుని ఉప్పూ కారం అద్దుకుని తినేవారట. అది ఎక్కడి అలవాటో ఇంట్లో ఎవరికీ తెలియదు, ఆయన చెప్పలేదు. మీకేమైనా తెలుసా అని అడిగింది. తెలుసమ్మా అని రాశాను.

ఫారాన్ని ముందు ఫొటో తీసి పంపాను. నాలుగు రోజులు జవాబు లేదు. అయిదో రోజు ఒక వాక్యం వచ్చింది: పళ్ళు ఊడిన సంగతి మా తాతయ్యకు తెలియదు. అంతే.

అసలు కాగితాన్ని పోస్టులో పంపమంటే నాకే ధైర్యం చాలలేదు. నవ్వండి. ముప్పై ఏడేళ్ళు ‘ఏమీ కాదండీ, భద్రంగా చేరుతుంది’ అని అందరికీ చెప్పినవాణ్ణి. ఆమె డిసెంబరులో తనే వస్తానంది. మేడ పడగొట్టారు, ఇప్పుడు అక్కడ ఎరువుల కొట్టు ఉందని ముందే చెప్పాను. అయినా వస్తుందట. కోటిపల్లి రైలు బస్సు ఎక్కించి తీసుకురావాలని నా కోరిక, అది ఆ నెలలో నడుస్తూ ఉంటే.

తన తాతయ్య తల్లి అసలు పేరు ఎలా పలకాలో రాసి పంపింది. నోరు తిరగడం లేదు. రోజూ అన్నం దగ్గర నేను, మా ఆవిడ పలికి చూస్తున్నాం. ఆవిడకే ముందు వచ్చింది.

ఇక ఒక చిన్న సలహా కావాలి. ఆ బల్లగుడ్డ తెమ్మని, తన నానమ్మ దగ్గర అదే రెండు అక్షరాలు కుట్టిన చేతి రుమాళ్ళు ఉన్నాయని రాసింది. గుడ్డ మధ్యలో జాడీ మూతంత గుండ్రంగా ఆవకాయ నూనె మరక. నలభై ఏళ్ళ కారం అది. ఇలా ఎలా ఇస్తాం అని మా ఆవిడ ఒకటే గొడవ. ఆ రకం మరక పోవడానికి మార్గం ఏమైనా ఉందా?

డాన్యూబు ఒడ్డున:

బాబాయి గారూ, దయచేసి ఉతకకండి! పిన్ని గారికి నేను చెప్పానని చెప్పండి. గుడ్డ పాతది, చిరుగుతుంది. అదీ కాక ఆమెకు ఆ మరకే కావాలేమో, ఒకసారి అడగండి.

పాత పోస్టుమాస్టరు:

నువ్వు చెప్పింది వినిపించాను. మరక ఉన్న గుడ్డ ఇంటికి వచ్చిన మనిషి చేతిలో పెడితే మా అత్తగారు పైనుంచి ఏమనుకుంటుంది అంటోంది. నిన్న రాత్రే కుంకుడుకాయలు నానబెట్టింది. ఇప్పుడు గిన్నె నేను దాచాను.